మెత్తటి ట్యూబు, కంప్రెషన్ ఫిట్టింగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కంప్యూటరు ప్రాసెసరునూ గ్రాఫిక్స్ కార్డునూ నీటితో చల్లబరిచే లూపును సొంతంగా బిగించుకుంటున్న పాఠకులు ఈ నెల రాసిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే చోట ఆగిపోయాయి. మెత్తటి ట్యూబు వెళ్లి ఫిట్టింగు మీద కూర్చునే ఆ ఒక్క సెంటీమీటరు దగ్గరే అందరికీ ఇబ్బంది వచ్చింది. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నా దగ్గర లోపలి వ్యాసం 10, బయటి వ్యాసం 16 మిల్లీమీటర్లు ఉన్న పీవీసీ ట్యూబు, అదే కొలత కంప్రెషన్ ఫిట్టింగులు ఉన్నాయి. ఎంత బలంగా నెట్టినా ట్యూబు అడుగు వరకు దిగడం లేదు, రెండు మూడు మిల్లీమీటర్ల ముందే ఆగిపోతోంది. వేళ్లు బొబ్బలెక్కాయి. పైన కాలర్ బిగిస్తే మిగిలిన దూరం అదే లాగేసుకుంటుందా? సబ్బునీళ్లు రాయవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కాలర్ కొద్దిగా నెట్టగలదేమో గాని, ఆ పనికి దాన్ని నమ్ముకోకూడదు. ఫిట్టింగులో ఏ భాగం ఏ పని చేస్తుందో తెలిస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది. ప్రాసెసరు మీదో గ్రాఫిక్స్ కార్డు మీదో కూర్చుని వేడిని నీటికి అందించే బ్లాకులోకో, రేడియేటరులోకో బిగించే పీఠం ఒకటి, దాని చుట్టూ ఉన్న మరల మీదకు తిరిగే కాలర్ ఒకటి. పీఠం మధ్య నుంచి బార్బ్ అనే చిన్న గొట్టం పైకి లేచి, కొస దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది. ట్యూబు లోపలి గోడ సాగి ఆ ఉబ్బును ఒడిసిపట్టుకోవడం వల్లనే ముఖ్యంగా నీరు ఆగుతుంది. కాలర్ ఆ గోడను బయటి నుంచి బార్బ్‌కేసి అదిమి, ట్యూబు వెనక్కి జారకుండా పట్టి ఉంచుతుంది. ట్యూబు పీఠాన్ని తాకకుండా మధ్యలోనే ఆగితే కాలర్ అదమడానికి అక్కడ తగినంత గోడ ఉండదు, అయినా పైకి చూస్తే మాత్రం అంతా బిగిసినట్టే కనిపిస్తుంది. నేను చూసిన కారిన లూపుల్లో కొన్నిటికి మూలం ఇదే.

మొదట కోతను పరీక్షించండి. కూరగాయల కత్తితోనో కత్తెరతోనో కోస్తే ట్యూబు నలిగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, అంచు ఏటవాలుగా తెగుతుంది. పీవీసీ గొట్టాలు కోసే కట్టర్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది, దాని బ్లేడు మొద్దుబారకుండా ఉండాలి. కోసిన ముక్కను అద్దపు బల్ల మీద ఆ అంచుపై నిలబెట్టి, కంటిని బల్ల మట్టానికి దించి చూడండి. అంచు కింద ఒక పక్క సన్నని వెలుగు గీత కనిపించిందంటే మళ్లీ కోయవలసిందే. వంకర అంచు పీఠాన్ని ఒక వైపు తాకి రెండో వైపు ఆగిపోతుంది కాబట్టి, మీరు చెప్పిన రెండు మిల్లీమీటర్లు అక్కడివే అయి ఉండవచ్చు.

తరువాత కాలర్‌ను ముందుగానే ట్యూబుకు తొడిగి, మరలున్న వైపు కొసకేసి ఉండేలా చూసి, వెనక్కి జరిపి ఉంచండి. ఇంత కష్టపడి ట్యూబు ఎక్కించాక కాలర్ బల్ల మీదే ఉండిపోయిందని గమనించి, అంతా పీకి మొదటి నుంచి మొదలుపెట్టిన వాళ్లు చాలామంది ఉన్నారు. ఆ తరువాత ఒక గ్లాసులో వేడి నీళ్లు తీసుకోండి. మరుగుతున్న నీళ్లు అక్కర్లేదు, వేలు పెడితే వెంటనే వెనక్కి తీసుకునేంత వేడి చాలు. ట్యూబు కొసను సెంటీమీటరు లోతున అర నిమిషం ముంచి, బయటికి తీసిన వెంటనే బార్బ్ మీదకు తిన్నగా నెట్టండి. నెడుతూ కుడికీ ఎడమకీ కొద్దిగా ఊపితే ఉబ్బు దాటుతుంది, దాటిన తరువాత మిగిలిన దూరం సులువుగా జరుగుతుంది. అప్పటికీ మొరాయిస్తే నోస్ ప్లయర్ మొనలకు మెత్తటి గుడ్డ చుట్టి, మూసిన మొనలను ట్యూబులోకి దించి, నెమ్మదిగా తెరిచి, కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగు వైపులా సమానంగా సాగదీయండి. గుడ్డ లేకుండా చేస్తే లోపలి గోడ మీద గీతలు పడతాయి, నీరు సరిగ్గా ఆ గీత వెంటే దారి వెతుక్కుంటుంది.

తడి కోసం డిస్టిల్డ్ వాటరు గాని, లూపులో పోయబోయే కూలెంటు గాని రెండు చుక్కలు రాయండి. సబ్బు వద్దు, లూపులో నురగ కట్టి రోజుల తరబడి వదలదు. కొబ్బరి నూనె, వాజెలిన్ అసలే వద్దు. ముఖ్యంగా కొన్ని ట్యూబులు చేసే ఈపీడీఎం అనే రబ్బరుకు పెట్రోలియం నూనెలు పడవు, అది ఉబ్బిపోతుంది. చేతిలో ఉంది కదా అని శానిటైజరో స్పిరిటో రాయడం కూడా ప్రమాదమే. ఆల్కహాలు తగిలిన యాక్రిలిక్ మీద జుట్టంత సన్నని పగుళ్లు వస్తాయి, బ్లాకుల పైకప్పులు, నీరు నిల్వ ఉండే రిజర్వాయర్లు చాలావరకు యాక్రిలిక్‌తో చేసినవే.

ఇంకొక మాట. ఈ నెట్టుడు కార్యక్రమాన్ని మదర్‌బోర్డు మీద బిగించి ఉన్న బ్లాకు దగ్గర చేయకండి. మీ బలమంతా బోర్డు మీద పడి అది వంగుతుంది. ట్యూబు ఒక కొసకైనా ఫిట్టింగును బ్లాకు నుంచి విప్పి, బల్ల మీద పెట్టుకుని ఎక్కించి, ఆపైన రెండింటినీ కలిపి బ్లాకులోకి తిప్పుకోవచ్చు. రెండో కొస ఇంకా స్వేచ్ఛగానే ఉంటుంది కనుక ట్యూబు తిరిగినా నష్టం లేదు.

ప్రశ్న: ట్యూబు పూర్తిగానే దిగింది. కాని కాలర్ బిగిస్తుంటే దానితో పాటు ట్యూబు కూడా తిరుగుతోంది. బలవంతంగా బిగించేశాను. రెండు రోజుల తరువాత చూస్తే కాలర్ దగ్గర పొడిగానే ఉంది గాని, పీఠం బ్లాకును కలిసే చోట తడి కనిపిస్తోంది. అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి లూపు కళ్ల ముందు మెదిలింది, అందుకని కొంచెం విస్తరించి రాస్తాను. అప్పుడు నేను ప్రాసెసర్ బ్లాకు నుంచి గ్రాఫిక్స్ కార్డుకు దిగే పొట్టి ట్యూబును, రెండు కొసలా కాలర్లు బిగుసుకునేదాకా తిప్పేశాను. ట్యూబు మీద అచ్చువేసిన అక్షరాల వరుస ఒక కొస నుంచి రెండో కొసకు మెలికలు తిరుగుతూ పోవడం నా కంటికి కనిపించింది, కనిపించినా దాన్ని పట్టించుకోలేదు. నీళ్లు నింపి పంపు నడిపించిన మొదటి సాయంత్రం ఏమీ కాలేదు. తెల్లవారి కింద పరిచిన తెల్ల టిష్యూ మీద రూపాయి బిళ్లంత తడి మరక, దాని పైన గ్రాఫిక్స్ కార్డు బ్లాకు అడుగున వేలాడుతున్న ఒక్క చుక్క కనిపించాయి. కాలర్‌ను ఎంత బిగించినా చుక్క ఆగలేదు. చివరకు పీఠాన్ని వేళ్లతో పట్టుకుంటే అది ఏ ప్రతిఘటనా లేకుండా పావు చుట్టు తిరిగింది.

జరిగింది ఇదే. మెలిపడిన ట్యూబు స్ప్రింగు లాంటిది. విప్పుకోవడానికి రాత్రంతా ప్రయత్నిస్తూనే ఉంటుంది. కాలర్ దానిని గట్టిగా పట్టుకుని ఉన్నందువల్ల అక్కడ జారలేదు, ఆ మెలిక బలమంతా పీఠం మీదకు వెళ్లి దానిని బ్లాకులోంచి వదులు చేసింది. మీ లూపులో కూడా ఇదే జరిగి ఉండాలి.

విరుగుడు బిగించేటప్పుడే ఉంది. ఒక చేతి బొటనవేలు, చూపుడువేలితో ట్యూబును కాలర్‌కు వెనకగా గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో కాలర్‌ను మాత్రమే తిప్పండి. కాలర్ లోపలి అంచుకూ ట్యూబుకూ మధ్య ఒక చుక్క తడి రాస్తే కాలర్ ట్యూబు మీద జారుతుంది, ట్యూబును తనతో తీసుకుపోదు. అప్పటికీ తిరుగుతుంటే ఎంత తిరుగుతోందో ట్యూబు మీది అక్షరాలను బట్టి అంచనా కట్టి, కాలర్ మొదలుపెట్టే ముందే ట్యూబును అంత మేర ఎదురు దిక్కుకు తిప్పి ఉంచండి, బిగిసే సమయానికి అక్షరాలు తిన్నని వరుసలోకి వస్తాయి. అక్షరాలు లేని నల్ల ట్యూబు అయితే మార్కరుతో పొడవునా ఒక గీత గీసుకుని తరువాత తుడిచేయండి. పొట్టి ముక్కల దగ్గర ఏ ఉపాయమూ పనిచేయకపోతే రోటరీ ఫిట్టింగు ఒకటి మధ్యలో పెట్టుకోవడం మంచిది. అది తనంతట తాను తిరిగి మెలికను విడిచిపెడుతుంది. అయితే దానిలోనూ నీటిని ఆపే ఓ-రింగు అనే రబ్బరు వలయం ఒకటి ఉంటుంది, అంటే కారే అవకాశం ఉన్న చోటు మరొకటి పెరుగుతుంది. అందుకే ప్రతి మూలా రోటరీలతో నింపడం నాకు నచ్చదు.

టెఫ్లాన్ టేపు మాత్రం వద్దు. ఇంటి కుళాయిల దగ్గర ప్లంబరు చుట్టేది చూసి ఈ ఆలోచన రావడం సహజమే. కాని ఈ ఫిట్టింగుల మరలు జి 1/4 అనే సమాంతర రకానివి. పేరులో పావు అంగుళం ఉన్నా మర బయటి వ్యాసం సుమారు 13.2 మిల్లీమీటర్లు ఉంటుంది, ఆ పావు అంగుళం పాతకాలపు గొట్టాల లోపలి కొలత నుంచి మిగిలిన పేరు. సమాంతర మర నీటిని ఆపదు, బిగించి పట్టుకోవడం వరకే దాని పని. నీటిని ఆపేది పీఠం అడుగున ఉన్న ఓ-రింగు. టేపు చుట్టడం వల్ల ఓ-రింగు సరిగా కూర్చోదు, యాక్రిలిక్ బ్లాకు అయితే మర దగ్గర పగిలే ప్రమాదం కూడా ఉంది. లూపును ఖాళీ చేసి, పీఠాన్ని పూర్తిగా విప్పి, ఓ-రింగు మీద వెంట్రుకో నూలు పోగో చిక్కుకుందేమో చూసి, తడి చేసి, వేళ్లతో ఆగినంత వరకు బిగించండి. పానా వాడాలనిపిస్తే వాడవద్దు.

ప్రశ్న: ఇక్కడ ట్యూబులు అంగుళాల్లో అమ్ముతారు, నేను తెప్పించిన ఫిట్టింగుల మీద మిల్లీమీటర్లు ఉన్నాయి. 3/8, 5/8 అని ఉన్న ట్యూబు 10/16 ఫిట్టింగుకు సరిపోతుందా? బిగించాక కాలర్‌కూ పీఠానికీ మధ్య సన్నని సందు మిగులుతోంది, అది మామూలేనా?
– ఒక పాఠకుడు, డల్లాస్, టెక్సస్

జవాబు: సరిపోతుంది. 3/8 అంగుళం అంటే 9.5, 5/8 అంటే 15.9 మిల్లీమీటర్లు, తయారీదారులు వాటినే 10/16 అని రాస్తారు. అలాగే 1/2, 3/4 అంగుళాల ట్యూబును 13/19 అంటారు. మీరు జాగ్రత్త పడవలసింది 10/13 దగ్గర. దాని లోపలి వ్యాసం కూడా 10 కావడం వల్ల 10/16 బార్బ్ మీదకు చక్కగా ఎక్కుతుంది, గోడ మాత్రం సగమే. కాలర్ చివరిదాకా తిరిగినా దానిని అదమదు. లాగి చూస్తే ఊడి చేతికి వస్తుంది. హార్డ్ ట్యూబు ఫిట్టింగులు కూడా కొన్ని చూడటానికి ఇలాగే ఉంటాయి, వాటిలో బార్బ్ ఉండదు, ఓ-రింగులే ఉంటాయి. మెత్తటి ట్యూబుకు అవి పనికిరావు.

సందు సంగతి. మందపాటి గోడ ఉన్న ట్యూబు దగ్గర మిల్లీమీటరు మేర సందు మిగలడం మామూలే. అది చుట్టూ ఒకే వెడల్పులో ఉందా, మీ ఫిట్టింగులన్నిటి దగ్గరా దాదాపు అంతే ఉందా అని చూడండి. ఒక పక్క వెడల్పుగా, మరో పక్క మూసుకుపోయి ఉంటే కాలర్ మర తప్పి ఎక్కిందని అర్థం. దాన్ని విప్పి, మొదట వెనక్కి నెమ్మదిగా తిప్పి, మర పడిన చిన్న టక్కు వేలికి తెలిశాక ముందుకు తిప్పండి. ఒక కంపెనీ కాలర్‌ను ఇంకో కంపెనీ పీఠానికి ఎక్కించే ప్రయత్నం చేయవద్దు.

ప్రశ్న: తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ పైపు మా ఊళ్లో చవకగా దొరుకుతుంది. కొలత కూడా దగ్గరగానే ఉంది. వాడవచ్చా?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: ప్రయోగంగా నీరు తిప్పి చూడడానికి పనికొస్తుంది, కంప్యూటరులో పెట్టి వదిలేయడానికి పనికిరాదు. లెవెల్ పైపులో నీటి మట్టం కనిపిస్తే చాలు, గోడ మందం చుట్టూ ఒకేలా ఉండవలసిన అవసరం మేస్త్రీకి లేదు. కంప్రెషన్ ఫిట్టింగుకు మాత్రం అదే ప్రాణం, గోడ పలుచగా ఉన్న వైపు కాలర్ పట్టు ఉండదు. రెండో కారణం, పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్లు. వెచ్చని కూలెంటులో నెలల తరబడి ఉంటే అవి కరిగి బయటికి వస్తాయి. ట్యూబు పాలలా తెల్లబడుతుంది, ప్రాసెసర్ బ్లాకులోని అతి సన్నని రాగి రెక్కల మధ్య మైనం లాంటి పదార్థం పేరుకుని ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. ఈ పనికే తయారుచేసిన పారదర్శక ట్యూబులకు కూడా ఈ బాధ ఎంతో కొంత ఉంది. ప్లాస్టిసైజర్లు లేని ఈపీడీఎం రబ్బరు ట్యూబులు, ఉదాహరణకు ఈకే కంపెనీ జెడ్‌ఎంటీ, దీన్ని తప్పిస్తాయి. నల్లగా ఉంటాయి కనుక లోపలి నీరు కనిపించదు, బార్బ్ మీదకు ఎక్కించడం కూడా ఎక్కువ శ్రమే. పీవీసీ మాదిరిగా అవి వేడి నీటికి మెత్తబడవు కనుక తడి మీదనే ఆధారపడాలి. అయినా ఏళ్ల తరబడి విప్పకుండా ఉంచదలచిన యంత్రానికి నేను వాటినే ఎంచుకుంటాను.

ప్రశ్న: లూపు పూర్తయింది. నీళ్లు పోయడానికి భయంగా ఉంది. 24 గంటలు పరీక్షించాలంటారు, నిజమేనా? గాలితో పరీక్షించే పరికరం కొనాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కొనగలిగితే కొనండి. ఆక్వా కంప్యూటర్ వారి డాక్టర్ డ్రాప్ వంటి పరికరంలో ఒక చిన్న చేతి పంపు, ఒక ప్రెషర్ గేజి ఉంటాయి. లూపులో ఖాళీగా ఉన్న ఒక రంధ్రానికి దాన్ని బిగించి, గాలిని 0.5 బార్ వరకు ఎక్కించి, అంతకు మించనీయకుండా ఆపండి. ఈ అంకె ఊరికే ఎంచుకున్నది కాదు. లూపుల్లో తరచుగా వాడే డి5 రకం పంపు నీటిని సుమారు 4 మీటర్ల ఎత్తుకు నెట్టగలదు, అది దాదాపు 0.4 బార్‌కు సమానం, పంపు పెట్టగల ఒత్తిడి కన్నా కొంచెం ఎక్కువతో పరీక్షించినట్టవుతుంది. మెత్తటి ట్యూబులు మొదట కొద్దిగా సాగుతాయి కనుక ముల్లు కాస్త దిగితే కంగారు పడవద్దు. ఇంకొకసారి నింపి అరగంట వదిలి, అప్పుడు చూడండి. అప్పటికీ దిగుతుంటే అన్ని ఫిట్టింగులనూ ఒక్కొక్కటిగా వేళ్లతో పట్టి చూడాలి. నా అనుభవంలో దోషి చాలాసార్లు కాలర్ కాదు, వదులైన పీఠమో మూత సరిగా బిగించని రిజర్వాయరో అయి ఉంటుంది.

పరికరం లేకపోతే నీటితోనే పరీక్షించాలి, కాని మదర్‌బోర్డుకు గాని గ్రాఫిక్స్ కార్డుకు గాని కరెంటు అందకూడదు. పవర్ సప్లై నుంచి వాటికి వెళ్లే 24 పిన్నుల తీగ, ప్రాసెసరు తీగ, గ్రాఫిక్స్ తీగ అన్నీ ఊడదీసి, పంపు ఒక్కటే తగిలించండి. పవర్ సప్లైని మదర్‌బోర్డు లేకుండా ఆన్ చేయడానికి 24 పిన్నుల జంపర్ ప్లగ్ చవకగా దొరుకుతుంది. కాగితపు క్లిప్పు వంచి దూర్చే పద్ధతి కొందరు చెబుతారు. తీగలన్నీ నల్లగా ఉండే ఈనాటి పవర్ సప్లైలలో రంధ్రం పొరబడడం సులువు కనుక నేను సిఫారసు చేయను. ప్రతి ఫిట్టింగు కిందా తెల్ల టిష్యూ మడిచి పెట్టండి. రిజర్వాయరు నింపి, పంపును కొన్ని సెకన్లు నడిపి, మట్టం పడిపోగానే ఆపి, మళ్లీ నింపండి. లోపలి నీరే దానికి కందెన కాబట్టి డి5 పంపు నీరు లేకుండా తిరగకూడదు.

24 గంటలన్నది అలవాటుగా వస్తున్న మాట. పెద్ద తప్పులు మొదటి గంటలోనే బయటపడతాయి. మెలిపడిన ట్యూబు వంటివి తీరిగ్గా బయటపడతాయి, నా చుక్క తెల్లవారి దాకా రాలేదని పైన రాశాను కదా. కాబట్టి కనీసం ఒక రాత్రి గడవనివ్వండి. డిస్టిల్డ్ వాటరు విద్యుత్తును సరిగా ప్రసరించదన్న ధైర్యంతో దీన్ని దాటవేయకండి. లూపులో తిరిగే కొద్దీ అది లోహాల నుంచి అయాన్లను తీసుకుంటుంది, కరెంటున్న బోర్డు మీద పడితే హాని చేయగలదు.

ప్రశ్న: మా ఊళ్లో వేసవిలో గది వేడే 40 డిగ్రీలు దాటుతుంది. వేడికి ట్యూబు మెత్తబడి ఊడిపోతుందా?
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: మీ భయంలో అర్థం ఉంది. రేడియేటరు నీటిని గది వేడి కన్నా కిందికి దించలేదు, సాధారణంగా కూలెంటు దానికి 10 డిగ్రీల పైనే నడుస్తుంది, అంటే మీ దగ్గర 50 దాటడం సాధ్యమే. డి5 రకం పంపులకు సాధారణంగా 60 డిగ్రీలు పై హద్దు కనుక మిగిలే చోటు కొద్దిదే. ట్యూబు ఊడిపోవడం సరిగా కూర్చున్నంత వరకు జరగదు. అయితే కాలర్ అదిమిన చోట పీవీసీ వేడికి నెమ్మదిగా పలుచబడి పట్టు తగ్గవచ్చు. వాడకం మొదలైన వారం తరువాత ఒకసారి, ఏప్రిల్ చివర మరొకసారి, యంత్రం ఆపి చల్లారాక, ట్యూబును పట్టుకుని కాలర్లను వేళ్లతో బిగించి చూడండి. వంపు దగ్గర నలిగే అవకాశం కూడా వేడితో పెరుగుతుంది. 10/13 ట్యూబు 10/16 కన్నా త్వరగా నలుగుతుంది కనుక మీ ప్రాంతానికి మందపాటిదే వాడి, ఇరుకు మలుపుల దగ్గర 45, 90 డిగ్రీల అడాప్టర్లు పెట్టుకోండి.

ప్రశ్న: పాత ట్యూబు బార్బ్‌ను వదలడం లేదు. బ్లేడుతో కోసి తీయవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కోయవచ్చు, కాని బార్బ్ ఉన్న చోట కోయకండి. బ్లేడు లోహాన్ని తాకి ఒక్క గీత పెట్టిందంటే ఆ ఫిట్టింగు మీద ఎంత మంచి ట్యూబు ఎక్కించినా అనుమానమే. లూపును ఖాళీ చేసి, కాలర్‌ను పూర్తిగా వెనక్కి విప్పి, ఫిట్టింగును బ్లాకు నుంచి తీసి, ట్యూబు కొసను అర నిమిషం వేడి నీటిలో ఉంచి, పీఠాన్ని పట్టుకుని ట్యూబును మెలితిప్పుతూ లాగండి. అప్పటికీ రాకపోతే బార్బ్ కొసకు పైన, ఖాళీగా ఉన్న భాగంలో ట్యూబును అడ్డంగా కోసి, మిగిలిన ఉంగరాన్ని మళ్లీ వేడి చేసి వేళ్లతో దొర్లిస్తూ తీయండి. అదే ట్యూబును తిరిగి వాడదలిస్తే సాగిపోయిన కొసను ఒక సెంటీమీటరు మేర కోసి పారేసి, కొత్త అంచుతో మొదలుపెట్టండి. అందుకే మొదటిసారి కొలత తీసుకునేటప్పుడే ప్రతి ముక్కకూ కొంచెం ఎక్కువ పొడవు ఉంచుకోమని చెబుతుంటాను.